సగం నిచ్చెన

నేనెప్పుడో రాసిన ఉత్తరమొకటి పోయిన నెల తిరిగి నా దగ్గరికే వచ్చింది. పోస్టులో కాదు, ఫోనులో. నా దగ్గర పదో తరగతి దాకా చదివిన సునీత ఇప్పుడు మూడు జిల్లాల అవతల ఒక పట్నంలో, దిక్కులేని ఆడవాళ్లను ఉంచే ఆశ్రమంలో గుమాస్తా. పాత ఫైళ్లు సర్దుతుంటే కంటబడిందట. ఫోటో తీసి పంపి, కింద “మేడం, గిది మీ చేతిరాతే గద?” అని అడిగింది. నాదే. నల్లబల్ల మీద అన్నేళ్లు చూసిన రాతను పిల్లలు మరిచిపోరు. కాగితం నిండా ఇంగ్లీషు, ఎక్కడా కొట్టివేత లేదు. తప్పిపోయిన మా అక్క ముత్తక్క ఎలా ఉంటుందో వర్ణించి, ఆచూకీ తెలిస్తే చెప్పమని వేడుకుంటూ చిన్నప్పుడు రాసింది. పై అంచున ఎవరో ఎర్ర పెన్సిలుతో, ఇంగ్లీషులోనే, పోలికలు సరిపోలేదని ఒక్క ముక్క రాశారు. ఉత్తరం ఒక ఫైలుకు గుచ్చి ఉందనీ, ఆ ఫైలు ఎవరో ఊరూ పేరూ తెలియని ఆమెదనీ సునీత చెప్పింది. ఆమె ఎలా ఉండేదని అడగడానికి నాకు రెండు రోజులు పట్టింది.

ఆ రెండు రోజులూ ఖమ్మంలో, నా డాబా ఇంట్లో, ఫ్యాను కింద కూర్చునే ఉన్నాను కానీ ఉన్నది మాత్రం ములకలపల్లి అవతల అడవి అంచున ఉండిన మా తడికెల ఇంట్లో. వేసవి మొదట్లో ఆ ఇంటి నిండా ఇప్పపువ్వు వాసన. అమ్మ చీకటితోనే అడవికి పోయి రాలిన పువ్వు ఏరుకొచ్చేది. పొద్దెక్కేసరికి వాకిలంతా చాపలు, చాపల మీద పువ్వు, ఆ తీపి పులుపు వాసన మా బట్టలకు, జుట్టుకు, అన్నానికి కూడా పట్టేది. ఆ వెనకే తునికాకు రోజులు. ఇంటిల్లిపాదీ నేలమీద కూర్చుని ఆకులు పేర్చేవాళ్లం. యాభై ఆకులైతే ఒక కట్ట. నేను లెక్క తప్పి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టేదాన్ని. అక్క మాత్రం కబుర్లు చెబుతూనే, ఆకుల వంక చూడకుండానే కట్ట కట్టి నార ముడి ఎడమ పక్కకు తిప్పి పడేసేది. ఆకు కొనే కల్లం దగ్గర ఆ ముడి చూసి “గిది ముత్తక్క కట్ట” అని విప్పకుండానే పక్కన పెట్టేవారు. మా నాయినమ్మ చుట్ట కాలుస్తూ దూరంగా కూర్చుని అందరికీ వంకలు పెట్టేది. ఆమె మనుషులను పేరుపెట్టి పిలవడం నేను వినలేదు. చెవి తెగినోడు, ఎగిరి నడిచేది, దగ్గుల ముసలోడు, అంతే. ఆమె నోట్లో పడితే ఎవరైనా ఒక్క మాటలో తేలిపోయేవారు.

పంటలు ఇళ్లకు చేరాక పచ్చబొట్లు పొడిచే ఆమె బుట్ట నెత్తిన పెట్టుకుని వచ్చేది. మసి నూరిన గిన్నె, దారంతో కలిపి కట్టిన మూడు సూదులు, పొడిచాక రాసే పసుపు. మా కోయ ఇళ్లల్లో ఆడపిల్లకు పచ్చబొట్టు లేకపోవడమంటే గుడిసెకు తలుపు లేకపోవడమే. నాయినమ్మ చుట్ట చివరతో మా వైపు చూపిస్తూ ఏటా ఒకే మాట చెప్పేది. “సొమ్ములన్ని ఈడనే ఉంటయే. ఎంబడొచ్చేది గిదొక్కటే. ఆ పక్కకు పోయినంక మన పెద్దోళ్లు దీన్ని జూసే గుర్తుపడ్తరు.” అక్క గడ్డం మీద మూడు చుక్కలు పెట్టించుకునేదాకా బుద్ధిగా కూర్చుంది. ఎడమ ముంజేతి మీద నిచ్చెన మొదలుపెట్టి మూడో మెట్టు దాకా వచ్చేసరికి చెయ్యి లాక్కుని వాగు దిక్కు ఒకటే పరుగు. అక్క తిరిగొచ్చేసరికి పచ్చబొట్లు పొడిచే ఆమె పక్క ఊరికి పోయింది. అయిదు మెట్లుండాల్సిన నిచ్చెన మూడు మెట్ల దగ్గర ఆగిపోయి, ఒక గీత పొడుగ్గా, ఒక గీత పొట్టిగా మిగిలింది. ఆ తర్వాత ఇంట్లో ఆమెకు వెక్కిరింతే వెక్కిరింత. “సగం నిచ్చెనెక్కి యాడికి పోతవే?” అని నాయినమ్మ అంటే, “నువ్వు రాని తావుకే పోత” అని అక్క అనేది. అక్క మీద పంతంతో నేను మాత్రం పళ్లు బిగబట్టి అయిదు మెట్లూ పొడిపించుకున్నాను.

మిరప కోతల కాలంలో మా ఊరి ఆడవాళ్లు కూలికి ముదిగొండ వైపు పోయేవారు. మేస్త్రి ట్రాక్టరు తెచ్చేవాడు, చేలోనే గుడిసెలు వేసుకుని నెల రోజులు కాయలు ఏరి వచ్చేవారు. అక్కకు పదిహేడేళ్లున్న ఏడాది, రెండో వారంలో ఆమెకు జ్వరం పట్టుకుంది. ఘాటుకు దగ్గు, దగ్గుకు జ్వరం మామూలేనని మొదట ఎవరూ పట్టించుకోలేదు. మాట తడబడేసరికి భయపడి, మిరప బస్తాల లారీ మీద ఒక ముసలామెను తోడిచ్చి పట్నం దవాఖానాకు పంపారు. ముసలామె చీటీ రాయించుకుని వచ్చేసరికి అరుగు మీద పడుకోబెట్టిన పిల్ల లేదు. అంతే, మాకు తెలిసింది అంతే. నాయిన భుజాన తువ్వాలు వేసుకుని బస్టాండు, రైలు స్టేషను, మిర్చి యార్డు, వైరా చెరువు కట్ట మీద కూలీల గుడిసెలు, అన్నీ తిరిగాడు. పది రోజులకు తిరిగొచ్చినప్పుడు ఆయన పాదాలు చూసి అమ్మ వేణ్నీళ్లు పెట్టింది.

తర్వాత నన్ను వెంటబెట్టుకుని ఠాణాకు పోయాడు. చదువుకునే పిల్ల పక్కనుంటే కాస్త మర్యాదగా మాట్లాడతారని ఆయన ఆశ. అక్కడి హెడ్డు కానిస్టేబులు చెడ్డవాడేం కాదు.

“ఫోటో ఉన్నదా?”

“లేదు సార్. మా ఇండ్ల ఎవ్వలకు ఫోటో లేదు.”

“ఐతే పోలికలు చెప్పు. రంగు?”

“మా రంగే సార్.”

“ఎత్తు?”

“మా ఇంటిదానికి చెవుకాడికి వస్తది.”

“గుర్తులేమన్నా ఉన్నయా? పుట్టుమచ్చలు గిట్ల?”

నాయిన నావైపు చూశాడు. నేను నాయిన వైపు చూశాను. “ఏం లేవు సార్” అన్నాడు ఆయన. నేనూ తల ఊపాను. ఇద్దరం అబద్ధం చెప్పలేదు, దాచిపెట్టలేదు. మా ఊళ్లో పచ్చబొట్టు లేని ఆడది లేదు. నా కూతురికి రెండు చేతులున్నాయి అని ఎవరైనా గుర్తుగా చెబుతారా? చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమని సామెత చెబుతారే, ఆ పిల్లను మేమే చంకలోంచి జారవిడిచి, చేతులు దులుపుకుని వచ్చాం. హెడ్డు కలం మూసి, “గిట్ల చెప్తే జిల్లాల సగం ఆడపిల్లలు గిట్లనే ఉంటరు పెద్దమనిషీ. మంచిగ వర్ణించి రాపిచ్చుకరా. ఇంగ్లీషుల ఉంటే పై ఆఫీసులకు గూడ పోతది” అన్నాడు. తిరుగు దారిలో నాయిన ఒక్కటే అడిగాడు. “నీకు ఇంగ్లీషు ఎప్పుడొస్తది బిడ్డా?”

ఆ ప్రశ్న నన్ను తరిమినట్టు ఇంకేదీ తరమలేదు. నేను హాస్టలు బడిలో ఆరో తరగతి. మధిర వైపు నుంచి వచ్చిన ఇంగ్లీషు సారు ఒకాయన ఉండేవారు, మెత్తటి మనిషి. ఆయన గదిలో పాత ఇంగ్లీషు పేపర్లు గుట్టలుగా ఉండేవి. వాటిలో తప్పిపోయినవారి ప్రకటనలు చిన్న చిన్న డబ్బాల్లో పడేవి. అవే నా వాచకం. “ఏమ్మా లక్ష్మీ, కథలు చదవకుండా ఎప్పుడూ ఈ ముక్కలే చదువుతావేంటి?” అనడిగారు. చెప్పాను. ఆయన కళ్లజోడు తుడుచుకుని, పెట్టెలోంచి ఒక డిక్షనరీ తీసిచ్చారు. ముందు పేజీలు చెదలు తినేశాయి, ‘డి’ అక్షరం నుంచే మిగిలింది. అందుకే నా వర్ణనలన్నీ అక్కడి నుంచే మొదలయ్యేవి. డస్కీ, డెలికేట్, గ్రేస్‌ఫుల్, లస్ట్రస్, రేడియంట్, స్లెండర్. పేపరు అంచులు చింపి ఒక్కో చీటీ మీద ఒక్కో మాట, వెనకవైపు దాని తెలుగు అర్థం. యాభై చీటీలైతే నార వేసి కట్ట కట్టేదాన్ని, తునికాకు కట్టినట్టే. నాకు వచ్చిన లెక్క అదొక్కటే. కట్టలు పెరిగేకొద్దీ అక్క దగ్గరికి వస్తోందని నమ్మాను. కళ్లకు సరిపోయే మాట దొరికితే కళ్లు వచ్చినట్టు, నడకకు దొరికితే కాళ్లు వచ్చినట్టు. అన్నీ దొరికిన రోజు ఎక్కడో ఎవరో ఉత్తరం చదివి, పక్కకు తిరిగి, అరే ఈమేగదా అనుకుంటారు. తిండి ముందు కూర్చుని కూడా మాటలు వల్లెవేసేదాన్ని. ఒక మాట మరిచిపోతే అక్కను మళ్లీ నేనే ఎక్కడో వదిలేసినట్టు, తిండి వదిలి లేచి చీటీలన్నీ వెతుక్కునేదాన్ని.

నెలకోసారి ఇంటికి వెళ్లినప్పుడు కట్ట విప్పి అమ్మ ముందు కూర్చునేదాన్ని.

“లస్ట్రస్ అంటే నిగనిగలాడేది. అక్క ఎంటికలు నిగనిగలాడేటియా?”

“ఇప్పనూనె పెడ్తే ఎవ్వలయైనా నిగనిగలాడ్తయ్.”

“కండ్లు పెద్దయా, చిన్నయా?”

“కోపమొస్తే పెద్దయ్.”

“ముఖం కోలగనా, గుండ్రంగనా?”

అమ్మ చేటలో బియ్యం చెరగడం ఆపింది. “ముత్తక్క ముఖం ముత్తక్క తీరుగ ఉంటది బిడ్డా. నీకు యాదికి లేదా?”

యాదికి లేదు. ఆ క్షణానే తెలిసింది. కళ్లు మూసుకుంటే అక్క స్థానంలో పేపర్లోని మాటలు వరసగా నిలబడుతున్నాయి. ఆ రాత్రి అన్నం తినలేదు. కడుపునొప్పని చెప్పాను. మళ్లీ నెల ఇంకో మూడు కట్టలు కట్టాను, ఇంకేం చేయాలో తెలియక.

ఉత్తరాలు మొదలుపెట్టింది ఏడో తరగతిలో. దవాఖానాలు, ఆశ్రమాలు, రైలు స్టేషన్లు, సారు ఎక్కడెక్కడి చిరునామాలో సంపాదించి ఇచ్చేవారు. మొదటి ఉత్తరంలో నాలుగే మాటలు. సన్నగా, నల్లగా, పొడుగు జుట్టు, పదిహేడేళ్లు. ఏడాదికేడాది నా ఇంగ్లీషు బలిసింది, అక్క అందగత్తె అయింది. చామనఛాయ మేనిలో కాంతి వచ్చింది, నడకలో వయ్యారం వచ్చింది, జుట్టు నిగనిగలాడుతూ నడుము దాటింది. పైన పటారం లోన లొటారం అంటారు, ఆ ఉత్తరాలే సాక్ష్యం. జవాబులు రాలేదు. ఒకటీ అరా వచ్చినా, విచారిస్తున్నాం, అలాంటి వారెవరూ లేరు, అని.

తొమ్మిదో తరగతి సెలవుల్లో ఒకనాడు నేను ఉత్తరాల నకళ్లు రాస్తుంటే, అమ్మ పొయ్యి ఊదుతూ, నావైపు తిరక్కుండానే అడిగింది. “సగం నిచ్చెన సంగతి రాసినవా బిడ్డా?”

కలం ఆగింది. అప్పటిదాకా తోచలేదు, అది నిజం. ఆమె అడిగాక మాత్రం తోచింది. ఒక్క గీత రాస్తే చాలు, కాగితం మీద చోటు కూడా ఉంది. రాయలేదు. ఎందుకో ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెబుతాను. హాస్టల్లో పట్నం పక్క పిల్లలు నా ముంజేయి చూసి, “గోడలెక్కనీకి నిచ్చెన ఎంబడి తెచ్చుకున్నవా?” అని నవ్వేవారు. కొబ్బరి పీచుతో నెత్తురొచ్చేదాకా రుద్దుకున్నాను. పోలేదు. అప్పటి నుంచి ఎండాకాలమైనా పొడుగు చేతుల జాకెట్టే. నేను అంత కష్టపడి ఇంగ్లీషులో నిలబెట్టిన అక్క, పేపర్లో ఫోటో పడే ఇళ్ల పిల్లలా ఉండే అక్క, ఆమె చేతికి ఆ మసి గీతలు పెట్టడానికి నాకు మనసొప్పలేదు. సిగ్గు. అంతకన్నా గొప్ప కారణమేమీ లేదు. “రాసిన” అన్నాను. అమ్మకు చదువు రాదు. “మంచిగైంది, ఇగ దొరుకుతది” అంది. పొగకో దేనికో కళ్లు తుడుచుకుంది.

ఆ తర్వాత మూడేళ్లకు నాయిన పోయాడు. అమ్మ ఇంకా చాలా ఏళ్లు ఉంది. నాకు ఇంగ్లీషు టీచరు ఉద్యోగం వచ్చాక నా దగ్గరే ఖమ్మంలో ఉండేది. పోస్టు మనిషి సైకిలు గంట వినిపిస్తే గడప దాకా వచ్చి నిలబడేది. పోయే ముందు రోజు కూడా “ఉత్తరమేమన్నా వచ్చిందా?” అంది. నేను బడిలో వర్ణన పాఠానికి పేరుమోసిన దాన్ని. పిల్లలు ‘కట్టల మేడం’ అనేవారు, ఎందుకంటే వాళ్లతో కూడా యాభై మాటలకు ఒక కట్ట కట్టించేదాన్ని. బస్టాండులో వందమంది ఉంటే అందులోంచి మీ మనిషిని కొత్తవాడు పట్టుకోగలగాలి, అలా రాయండి అని చెప్పేదాన్ని. పొడుగు చేతుల జాకెట్టు తొడుక్కుని, సుద్దముక్క పట్టుకుని, సిగ్గులేకుండా చెప్పేదాన్ని. ఈ మధ్య పిల్లలు ఆ పాఠం వింటూ నవ్వుకుంటున్నారని పదవి విరమించే ముందు గమనించాను. “మేడం, ఫోటో పంపితే అయిపాయె గద, గిన్ని మాటలెందుకు?” అని ఒక పిల్ల అడిగింది. దాని ఫోనులో దానివి వెయ్యి బొమ్మలు ఉంటాయి. మా ఇంట్లో ఒక్కటి ఉంటే నేను ఇంగ్లీషు నేర్చుకునేదాన్నే కాదేమో.

మూడో రోజు సునీతకు ఫోను చేసి, మర్నాడు బస్సెక్కాను. ఆ పిల్లే గేటు దాకా వచ్చి నా సంచీ అందుకుంది. ఆఫీసు గదిలో మేనేజరమ్మ ఫైలు నా ముందు పెట్టింది. రైలు స్టేషనులో స్పృహలేకుండా దొరికిన ఆడమనిషి. మెదడుకు జ్వరం. గుండు గీసి ఉంది. ఎముకల గూడు. మాట లేదు. ఇదీ ఆమెను తీసుకొచ్చిన నాటి వివరం, ఏ డిక్షనరీ అక్కర్లేని మాటల్లో. ఆ తర్వాత కొన్నేళ్లకు నా ఉత్తరం వచ్చింది. నడుము దాటిన నిగనిగలాడే కురులు, వయ్యారపు నడక, వెలిగే ముఖం. అప్పటి వార్డెను ఎవరో పాపం శ్రద్ధగా ఉత్తరాన్నీ మనిషినీ పక్కపక్కన పెట్టి చూసి, ఎర్ర పెన్సిలు తీసుకుంది. ఆమె తప్పేముంది? నేనైనా అదే రాసేదాన్ని. గుర్తులు అన్న చోట మాటలు రాయలేదు, ఓపిగ్గా బొమ్మ గీశారు. మూడు చుక్కలు. వాటి కింద రెండు నిలువు గీతలు, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. మధ్యలో మూడు మెట్లు.

అక్కడ యాదమ్మ అని పాత ఆయా ఒకామె ఉంది. ఆమె వచ్చి నా పక్కన కూర్చుంది. “పేరేందో ఎవ్వలకు తెల్వకపాయె. చేతిమీద నిచ్చెన జూసి నిచ్చెనమ్మ అని పిలిసేటోళ్లం. అవ్, గట్ల పిలిస్తే పలికేది గాదు గని, నవ్వుకుంట చెయ్యి సూపెట్టేది. ఏ పని చెప్పినా చేసేది గాదు. ఆకులు కనపడ్తే మాత్రం ఇడిశేది గాదు. బాదమాకు, రావాకు, ఏది దొరికితే అది, కూసొని కట్టలు కట్టేది. ఎన్ని కట్టినా ఒక్క తీరుగనే ఉండేటియి.”

“ముడి ఎటు పక్క ఉండేది?” అనడిగాను.

ఆమె తన చేతులు గాల్లో తిప్పి చూసుకుంది. “గీ పక్క” అని ఎడమవైపు చూపించింది. “పోయిన చలికాలమే పోయింది అమ్మా. నిద్రల్నే. మంచిగనే సాగనంపినం.”

పోయిన చలికాలం నేను ఖమ్మంలో ఖాళీగా ఉన్నాను, పొద్దుపోక. బస్సుకు ఒక్క పగలు దూరం. ఆ ఆశ్రమంలో ఆ బొమ్మే ఆమె పేరైంది, వంటమనిషి నుంచి ఊడ్చేవాళ్ల దాకా అందరూ రోజుకు పదిసార్లు పలికారు. నేను ఒక్కసారి రాయడానికి సిగ్గుపడిన మాటనే. నాకు ఏడుపు రాలేదు. వస్తే బాగుండేది.

“మీరు ఆమెకేమైతరు? ఏదన్నా రుజువు ఉన్నదా?” అని మేనేజరమ్మ మెల్లగా అడిగింది. రేషన్ కార్డు లేదు, ఫోటో లేదు, ఇద్దరి పేర్లూ కలిసి ఉన్న కాగితం ముక్క ఎక్కడా లేదు. జాకెట్టు చెయ్యి గుండీ విప్పి మోచేతి దాకా మడిచాను. సునీత నా దగ్గర అయిదేళ్లు చదివింది, నా చెయ్యి ఎన్నడూ చూడలేదు. బల్ల మీద, ఆ బొమ్మ పక్కన నా చెయ్యి పెట్టాను. యాదమ్మ వంగి చూసి, నా ముంజేతి మీద పై మెట్లు రెండూ వేలితో తడిమింది. “గీ రెండు ఆమెకు లేకుండె” అంది. ఆ చెయ్యి మళ్లీ కప్పుకోలేదు, బస్సులో కూడా.

నాయినమ్మ మాటే నిజమైతే, ఆ పక్కన అమ్మ ఈపాటికి అక్కను గుర్తుపట్టే ఉంటుంది. ఆమెకు నా ఉత్తరాలతో పనిలేదు. నా అయిదు మెట్లు కూడా ఏదో ఒకనాడు చూస్తుంది. తిట్టదు, అమ్మకు తిట్టడం చేతకాదు. పొయ్యి ఊదుకుంటూ, నావైపు తిరక్కుండానే, అడిగిందే మళ్లీ అడుగుతుంది. రెండోసారి ఆమెకు అబద్ధం చెప్పలేను. అందుకని ఇప్పుడు రాస్తున్నాను, కట్టలన్నీ పక్కనపెట్టి. మా అక్క పేరు ముత్తక్క. గడ్డం మీద మూడు చుక్కలు. ఎడమ ముంజేతి మీద నిచ్చెన, మూడు మెట్లు.